ఏరు పొంగిన వారం

వానలో పుట్టింది. పులెంగ్ అన్నాం, వానలో అని అర్థం.
ఆ రోజుతో నా పాత పేరు పోయింది.
నేను రా-పులెంగ్, ఆవిడ మా-పులెంగ్.
మా కొండల్లో అంతే,
అమ్మానాన్నలకు పేరు పెట్టేది బిడ్డే.

రెండు పాదాలూ లోపలికి తిరిగి
ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.
మంత్రసాని గబుక్కున దుప్పటి కప్పేసింది.
"కడుపుతో ఉన్నప్పుడు ఏ గుర్రం అడుగు తొక్కావే?"
అని మా అమ్మ అడిగింది కోడల్ని.
ఆవిడ జవాబు చెప్పలేదు.
అందరూ పడుకున్నాక దుప్పటి తీసి
చాలాసేపు చూసింది.

గుర్రం మీద నాలుగు గంటలు,
ఆపైన కోళ్ళతో కిక్కిరిసిన టాక్సీ,
ఆపైన ఒక బల్ల, బల్ల మీద మాలాంటివాళ్ళు,
అందరి ఒళ్ళోనూ ఒక్కో బుకానా.
అంటే మా ఆసుపత్రి పుస్తకం. జబ్బులన్నీ అందులోనే,
మోసుకు తిరగాల్సింది మాత్రం మనమే.

కోయరట.
నర్సు లికాబిసో బొటనవేలితో పాదం తడిమి
అది ఎంతవరకు వస్తానంటే అంతవరకే తిప్పి
అక్కడ ఆపి పిండికట్టు వేసింది.
వారానికి విప్పి, మళ్ళీ కాస్త.
ఇది నాకు చెప్పక్కర్లేదు.
కళ్ళెం ఎరగని గుర్రప్పిల్లని నేనూ అలాగే మచ్చిక చేస్తాను.
లాగితే పళ్ళు చూపిస్తుంది,
ఆగితే తనే ఒకడుగు వేస్తుంది.

మొదటి కట్టుకు ఉన్ని అమ్మాను.
రెండోదానికి మేకపోతుని.
మూడోదానికి గనుల నుంచి బావమరిది పంపాడు,
ఎందుకని ఒక్క ముక్క అడక్కుండా.

బుధవారం రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి
పొరలుపొరలుగా కట్టు ఊడదీసేది ఆవిడ.
ఆ ఒక్క రాత్రే పులెంగ్ తన్నేది
దుప్పటిని, నన్ను, గాలిని.
మాకు నిద్ర ఉండేది కాదు. కావాలని ఎవరడిగారు?

నాలుగో బుధవారం కట్టు విప్పేశాం.
తెల్లారేసరికి సెంకూ పొంగింది.
ఫోకా మోకాళ్ళ దాకా దిగి ఆగిపోయింది.
కొరడా ఎత్తాను.
నా వెనక ఆవిడ, ఆవిడ వీపున పిల్ల.
కొరడా దించాను.

ఆ వారమంతా వంతులేసుకుని
పాదాలు చేత్తో పట్టుకు కూర్చున్నాం,
నర్సమ్మ ఆపిన చోటే ఆపాలని.
తిమ్మిరెక్కితే వేళ్ళు వదులయ్యేవి.
వదులైనంత మేరా పాదం
వచ్చిన దారినే వెనక్కి పోయేది.

మళ్ళీ వెళితే
కౌంటర్లో కుర్రాడు బుకానా తిప్పి చూసి
ఎర్ర సిరాతో ఏదో గీకాడు.
గొలుసురాత నాకు రాదు.
పక్కన యూనిఫాంలో దగ్గుతున్న పిల్లని చదవమన్నాను.
చదివి, నా మొహం చూసి, మెల్లగా చెప్పింది:
"రాలేదు. తల్లిదండ్రుల నిర్లక్ష్యం."

లేచాను. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను.
"దాని కింద ఇంకో మాట రాయి బాబూ.
ఏరు పొంగింది అని."
"దానికి గడి లేదు," అన్నాడు.
"గడి ఎందుకు? ఖాళీ ఉందిగా."
వెనక వరుస కదిలింది, ఎవరో విసుక్కున్నారు,
ఎవరో "రాయవయ్యా," అన్నారు.
లికాబిసో వచ్చి కలం అందుకుంది.
నల్ల సిరా. రెండే మాటలు.
చదవలేను కానీ ఏరు ఏదో నాకు తెలుసు,
అది రాసేటప్పుడు ఆమె చెయ్యి వంపు తిరిగింది.

కట్టు రెండో వారం దగ్గర్నుంచి మళ్ళీ మొదలు.
లెక్క వేసుకున్నాను. ఇంకో రెండు మేకలు.

తిరిగొస్తుంటే సెంకూలో
గుర్రం చీలమండ కూడా మునగలేదు.
ఎండలో మెరుస్తోంది, ఏమీ ఎరగనట్టు.
ఫోకా వంగి నీళ్ళు తాగింది.
మా-పులెంగ్ కిందికి దిగి
గుప్పెడంత రాయి ఏరుకుని
ఏటి నడుమకి విసిరింది,
గట్టిగా.