ఇసుక దుప్పటి

హోటల్ దుప్పట్లు ఉతికే చేతులకి
నెలకి రెండే సెలవులు.
ఒకటి నిద్రకి పోయింది.
రెండోది అక్క కొడుకు ఎర్గిస్‌కి ఇచ్చేశాను.

సరండా నుంచి బస్సు.
కిటికీ పక్కన వాడు, వాడి ఒళ్ళో అంజూరపళ్ళ సంచి.
బుట్రింట్‌లో దిగేసరికి
సంచి సగం ఖాళీ, చొక్కా సగం ఎరుపు.

"పిన్నీ, ఇదంతా ఎవరు కట్టారు?"
గ్రీకులు, రోమన్లు, ఆపైన వెనిస్ వాళ్ళు...
బళ్ళో బట్టీపట్టిన వరస అప్పజెబుతుంటే
వాడెప్పుడో నా మాట వదిలేసి
యూకలిప్టస్ బెరడు మీద
చీమల బారు వెంట వెళ్ళిపోయాడు.

పాత నాటకశాలలో చీలమండ లోతు నీళ్ళు.
ఊటో, సరస్సు చెమ్మో, కదలని పచ్చదనం.
ఎన్ని వందల ఏళ్ళ జనమో కూర్చుని కూర్చుని
నున్నబడ్డ రాతిమెట్టు మీద మేమూ కూర్చున్నాం.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక రాయికి మెడ మొలిచింది.
ఇంకో రాయికి కాళ్ళు.
"తాబేళ్ళు!"
వాడి కేకకి అన్నీ ఒక్కసారే బుడుంగుమన్నాయి.
ఆట అయిపోయిందనుకున్నాం.
కాదు, తెర దించారంతే.
నోటి మీద వేలేసుకుని ఉంటే
ఒక్కొక్కటే మళ్ళీ ఎక్కాయి.
పన్నెండు లెక్కపెట్టాడు.
పన్నెండోది నా టోపీ నీడ.

కాపలా సొతిర్ తాత చేతికర్రతో చూపించాడు:
ఆ గుండ్రటి నేల మీద, ఇసుక పరిచిన చోట,
రంగురాళ్ళు పొదిగిన నెమళ్ళున్నాయట,
దుప్పులున్నాయట, కొంగలున్నాయట.
ఎండా వానా తగిలితే పాడవుతాయని
కప్పి పడుకోబెట్టారట.
ఎప్పుడో కొన్నేళ్ళకోసారి తీస్తారట.
"నువ్వు చూశావా తాతా?"
"మూడుసార్లు.
మూడోసారి కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా."

దుప్పటి సంగతి నన్నడగండి.
మడత విప్పకుండానే ఏ గదిదో చెబుతాను.
ఇంత పెద్దది, ఇన్నాళ్ళు ఎవరూ దులపనిది
చూడ్డం ఇదే మొదలు.

ఎర్గిస్ కంచె మీద గడ్డం ఆనించి
అక్కడే ఉండిపోయాడు.
రమ్మంటే రాడు.
ఓ పచ్చటి తొండ వచ్చింది,
తోకతో ఇసుక మీద సన్నగా గీత గీసుకుంటూ.
నడిమధ్య ఆగి, తలెత్తి,
ఎండ కాచుకుంది.
"నెమలి మీద నించుంది" అన్నాడు, గుసగుసగా,
నిద్రపోయేవాళ్ళని లేపకూడదన్నట్టు.

బయట వివారి కాలువ మీద
తాడు పడవ ఒక్క కారుని మోసుకొస్తోంది.
ఆల్చిప్పల వాసన.
లకుముకిపిట్ట ఒకటి నీలంగా తెగిపడి
చేపతో లేచింది.
నేను చూశాను. వాడు చూడలేదు,
చెప్పులో ఇసుక దులుపుకుంటున్నాడు.
చెబితే నమ్మలేదు కూడా.

తిరుగు బస్సులో నా భుజం మీద నిద్ర.
రేపు పొద్దున నలభై గదులు.
ఒక్క దుప్పటైనా
అంచు పట్టుకుని, మెల్లగా ఎత్తాలి.