జాజు గీత

నడుం చుట్టూ పాకిన పొక్కుల మీద
పెంటమ్మ జాజు పూస్తుంటే
ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గడప బయట కూచున్నాను.
చండూరు అవతల కుమ్మరోళ్ల వాడ. మే నెల. మధ్యాహ్నం రెండు.
డబ్బాలో మంచు కరుగుతున్న చప్పుడు
నాకొక్కదానికే వినిపిస్తోంది.

"తలా తోకా కలిసినయంటే మనిషి దక్కడు"
అంటూ వేలు ముంచి ఎర్రటి గీత గీసింది.
అవి కలవవని నాకు తెలుసు.
వెన్నుకు కుడిపక్క పుట్టిన నరం
బొడ్డు దాకా ఏలుకుంటుంది, పొలిమేర దాటదు.
ఆ పటం కాలేజీలో రంగు పెన్సిళ్లతో మూడుసార్లు వేశాను.
పెంటమ్మ ఏ పటమూ చూడలేదు.
గీత మాత్రం సరిగ్గా బొడ్డు దగ్గరే ఆపింది.

నాది ఇరవై తొమ్మిదేళ్లుగా ఒకటే ప్రశ్న.
అమ్మవారు పోసి, వేపాకు పక్క మీంచి లేచి
పిల్ల బడికి పోయాక
ఆ వైరస్ ఎక్కడికి పోతుంది?
ఎక్కడికీ పోదు.
వెన్ను పక్కన నరాల ముడిలో
లక్షా పాతిక వేల అక్షరాల తన చిట్టాను
చుట్టగా చుట్టుకుని పడుకుంటుంది,
నలభై ఏళ్లు, ఒక్కోసారి అరవై.
ఇంతవరకూ నాకన్నా ముందువాళ్లే చెప్పారు.
ఎవరు పిలిస్తే లేస్తుందన్నది నా వంతు.

నల్లగొండ పెద్దాస్పత్రి వెనక గది.
ఒక ఎండాకాలం రెండు రోజులు కరెంటు లేదు.
మైనస్ ఎనభై చూపాల్సిన ముల్లు
సున్నా దాటి నిలబడింది.
మూడొందల పన్నెండు గొట్టాలు, ఒక్కోదాని వెనక ఒక మనిషి మంట.
మహబూబలి బర్ఫు ఫ్యాక్టరీకి ఉరికి
రిక్షా నిండా గడ్డలు తెచ్చాడు, గోనెపట్టా కప్పి.
ఆ చల్లదనం చాలదని
అతనికి చెప్పలేక
నేనూ మోశాను.

పుట్టపాకలో గంజి వీరేశం.
సర్పి నుదుటి మీదికొచ్చి ఎడమ కన్ను తీసుకుపోయింది.
నిద్రపోవడం గురించి ఏదో చెప్పబోతే
చిటికి కట్టిన నూలు నా చేతిలో పెట్టాడు.
"ఇండ్ల చిలుక కనవడ్తుందా?"
లేదన్నాను.
"ఉన్నది మేడం. కట్టేటప్పుడే వెట్టిన.
మగ్గమెక్కినంక లేస్తది."
ఆ ఏడు నిధుల దరఖాస్తు ఆ చిలుకతోనే మొదలుపెట్టాను.
ఢిల్లీ నుంచి జవాబొచ్చింది:
ఉపమానం తొలగించి మళ్లీ పంపగలరు.
తొలగించాను. డబ్బులొచ్చాయి.
ఫైల్లో ఇప్పటికీ చిలుక లేదు.

ఇంతకీ ఆ రోజు పెంటమ్మ
చేతులు కడుక్కుంటూ అడిగింది,
"నీ మందుతోని సచ్చిపోతదా అది?"
చావదు, మళ్లీ పడుకుంటుందన్నాను.
ఫక్కున నవ్వింది.
"మరి నేను జేసేది గదే గద బిడ్డా, పండవెడ్తున్న."
మందు మూడు రోజుల్లోపు పడాలి,
జాజు అంటితే నమూనా పనికిరాదు,
అందుకని బేరం ఆడుకున్నాం:
పూయడం నీదే, పూసేముందు ఒక్క ఫోన్ కొట్టు.
పదకొండేళ్లలో రెండొందల నలభై ఫోన్లు.
నెలకో రెండు నెలలకో కాదు, ఎండలు ముదిరితే వారానికి రెండు.
మొన్న అచ్చయిన వ్యాసం చివర, కృతజ్ఞతల్లో,
ఆమె పేరు ముందు డాక్టర్ అని పడింది.
అచ్చుతప్పు. దిద్దమని నేను రాయలేదు.

నాలుగు నెలల్లో రిటైర్మెంటు.
నిన్నటి నుంచి కుడి డొక్క మీద
రవిక తగిలితే నిప్పు.
పొక్కులింకా లేవలేదు, అద్దంలో చూశాను,
చర్మం ఏమీ ఎరగనట్టుంది.
ఏడేళ్లప్పుడు దేవరకొండలో
అమ్మవారు పోసి బడి మానిన పద్నాలుగు రోజులు
గుర్తు చేసుకుందామంటే
వేపాకు గరగర తప్ప ఏమీ రావడం లేదు.

ఈసారి ఫోన్ నేనే చేశాను.
"ఎవలకొచ్చింది?" అంది పెంటమ్మ.
ఒక్క నిమిషం ఆగమని
ఐస్ డబ్బా ఎక్కడ పెట్టానో
వెతుక్కుంటున్నాను.