నోట్లో సేద్యం

ఆడవాళ్ళ మెడికల్ వార్డు, కిటికీ పక్క పద్నాలుగో మంచం.
తవిటమ్మ, నలభయ్యారేళ్ళు,
పలాసలో జీడిపిక్కలు కొట్టే పని.
ఓపీ దగ్గర వేలిముద్రల పెట్టె
ఆమెను మూడుసార్లు కాదంది.
జీడి సొన తినేసిన బొటనవేలు,
గీతల్లేని నున్నటి నలుపు.

ఈ నెల నుంచి పాఠంలో యంత్రం కూడా ఉంది.
శ్రీకాకుళం దాకా ఉత్తర్వు వచ్చింది,
ఒక ట్యాబ్, ఒక పాస్‌వర్డ్, రెండు రోజుల శిక్షణ,
అందులో ఒక పూట కరెంటు లేదు.
పాతికేళ్ళు స్టెతస్కోపు పట్టడం నేర్పినదాన్ని
ఇప్పుడు ప్రశ్న పట్టడం నేర్పాలట.

ఋత్విక్ ట్యాబ్‌ను ఆమె మొహం దగ్గర పెట్టాడు.
"చెప్పండమ్మా, ఏమిటి ఇబ్బంది?"
ఆమె నా చెప్పులకేసి చూస్తూ చెప్పింది:
"నోరు సేదుగా ఉంటంది బావూ. ఏటి తిన్నా సేదే.
పొద్దున్నేసరికి మొకం ఉబ్బిపోతంది."

తెరమీద అక్షరాలు బుద్ధిగా నడిచాయి:
రోగి నోటిలో సేద్యం చేస్తున్నారు.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.
ఎందుకో తెలీక తవిటమ్మ కూడా
కొంగు అడ్డం పెట్టుకుని కాస్త నవ్వింది.
అక్కడే నాకు సిగ్గేసింది.

"చేదు, మేడమ్. చేదు అని కొట్టాలి."
వెనక నుంచి ఢిల్లేశ్వరి,
మందస పిల్ల,
మూడేళ్ళుగా తన యాసని
మాస్కు వెనక దాచుకున్న పిల్ల.

చేదు అనగానే యంత్రం ఒక్క గుక్కలో చెప్పేసింది,
కిడ్నీలు చూడండి, క్రియాటినిన్ చూడండి అని.
సరే, అది నాకూ తెలుసు.
ఈ జిల్లాలో ఆ మాట బడిపిల్లలకీ తెలుసు.
ఉద్దానం వైపు మనిషి అని రాసి,
కారణం దగ్గర తెలియదు అని పెట్టి
ఎన్ని కేసుషీట్లు మూశానో!
రాయగా రాయగా ఆ తెలియదు
నా చేతిలో రబ్బరు స్టాంపయింది.

యంత్రానికి ఆ స్టాంపు లేదు.
అడుగున ఒక వరస అడిగింది:
నొప్పి మాత్రలు వాడుతున్నారా? ఎన్నాళ్ళుగా?

పొద్దుట రౌండ్స్‌లో నేనది అడగలేదు.
నలభై మంచాలు, అవును. అయినా అడగలేదు.
నా నోట్లోనూ సేదు.

ఋత్విక్ తెర చూసి చదివాడు:
"నొప్పి నివారణ మాత్రలు వాడుతున్నారా?"
"నేదు బావూ."
లేదు దగ్గర టిక్కు పెట్టబోయాడు.

ఢిల్లేశ్వరి మాస్కు తీసి మంచం అంచున కూచుంది.
ఆ మరకల చెయ్యి పట్టుకుంది.
"పిక్కలు కొట్టి కొట్టి మోకాల్లు పీకితే ఏటి సేత్తావప్పా?"
"ఏటి సేత్తాను? కొట్లో రెండు బిల్లలిత్తాడు, ఎర్రవి.
అయ్యేసుకుని పనికెల్లిపోతాను."
"ఎన్నాల్లనుంచి?"
"మా గుంట పెద్దమనిషయినకాణ్ణించి."
ఆ గుంటకిప్పుడు ఇద్దరు పిల్లలట.

కొంగు ముడి విప్పింది.
పది రూపాయల నోటు, నలిగిన బస్సు టికెట్టు,
సగం ఖాళీ అయిన బిల్లల అట్ట.

"మార్కు ఎవరికి మేడమ్?" అన్నాడు ఋత్విక్,
వెటకారంగా కాదు, నిజంగానే.
ప్రశ్న దానిది, గొంతు ఈ పిల్లది,
రెండూ లేనిది నా కేసుషీటు.
మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
రేపు అందరూ మీ ఇళ్ళల్లో
నొప్పులకేం పేర్లున్నాయో రాసుకు రండి అన్నాను.

నాలుగింటికి రిపోర్టు వచ్చింది.
అంకె బాగోలేదు.
అంతా బిల్లల వల్లే అని నేననను,
యంత్రమూ అనలేదు.
కారణం దగ్గర మాత్రం స్టాంపు వెయ్యలేదు.
అడుగుతున్నాం, అని రాశాను.

సాయంత్రం తవిటమ్మ అడిగింది:
"ఆ పలక ఏటన్నాది?"
"బిల్లలు మానీమంది అప్పా. నేనూ అదే సెప్తన్నాను."
ఆమె చాలాసేపు కిటికీలోంచి చూసింది.
"మానీస్తే మరి పన్లోకెలాగెల్తాను?"

ఢిల్లేశ్వరి నావైపు చూసింది.
తర్వాత ట్యాబ్ దగ్గరికి లాక్కుని
ఆ మాట ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం దిద్దకుండా కొట్టింది.

తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది.
మేమందరం మంచం చుట్టూ నిలబడే ఉన్నాం.