గిట్ట మీద నంబరు

పర్లాకిమిడి కోర్టు ఎదర, నా టైపు మిషను ముందు
రోణంకి దాలయ్య కూర్చున్నాడు.
ఒళ్ళో ప్లాస్టిక్ సంచి,
సంచిలో డిశ్చార్జి బుక్కు.
పతకాల గడిలో ఒకటే అడ్డగీత.
ఆ గీత కింద
డెబ్భై ఒకటో సంవత్సరం చలికాలం మొత్తం.

"పూర్వీ స్టారు, సంగ్రామ్ మెడలు. రెండూ రావాల బాబూ.
వాటికి డబ్బుల్రావు, తెలుసు.
నువ్వు రాయి."

పేరు దగ్గరే ఆగిపోయింది వేలు.
తెలుగులో దాలయ్య.
ఒడియా కార్డులో దళేయి.
ఇంగ్లీషు బుక్కులో డాలియా, పువ్వులాగ.
ముగ్గురిలో యుద్ధానికెళ్ళింది ఎవరని
రికార్డాఫీసు అడగడం ఇది మూడోసారి.

సాక్షులున్నారా?

చాలాసేపు రోడ్డుకేసి చూశాడు.
"ఉండీది. కంచరగాడిద.
మందుగుండు మోసుకోని, మోకాల్లోతు బురదలో
నా కంటే ముందు నడిసింది.
గిట్ట మీద నంబరు నాలుగొందల పదిహేడు.
నా నంబరు మర్సిపోతాను గాని
దాన్ది మర్సిపోను."

ఫారంలో గాడిదకి గడి లేదు.
ఇతర వివరాలు అన్నచోట కొట్టాను:
దరఖాస్తుదారుకి ముందు నడిచినది, 417.
తిరగ్గొడతారని తెలుసు. కొట్టాను.

సంతకం తెలుగులో పెట్టాడు,
య కింద వత్తు దగ్గర పెన్ను జారితే
మళ్ళీ దిద్దాడు.
"ఇదొక్కటీ ఎవుడూ మార్సనేదు" అన్నాడు.

గుణుపురం బస్సు హారను కొట్టింది.
సంచి చంకలో పెట్టుకుని
ఎడమకాలు ముందేసి లేచాడు.