ఆరో వార్డు

ముహర్రక్ బల్దియా మీటింగు హాలు
తెల్లారగట్ల నమాజు కాంగనే తాళం తీస్తరు.
బల్దియా. మా కోరుట్లల గూడ అదే మాట.
ఇక్కడ దిగినంక తెలిసింది,
సముద్రం దాటొస్తే ఆ మాటే నాకు ఎదురొచ్చిందని.

బల్ల చుట్టూత తోలు కుర్చీలు.
కిటికీ దిక్కుకెల్లి నాలుగోది
రెండు నెలలాయె, ఎవ్వరు కూసుంటలేరు.
ఆ మెంబరు గుండాగి పోయిండట,
సూడాన్ అటెండరు ఇద్రీస్ చెప్పిండు.
పేరుపలక పీకేసిన్రు,
జిగురు మరక మిగిలింది.
అన్నిటికంటె దాన్నే ఎక్కువ తుడుస్త.
మనిషి కూసోని కుర్చీ మీదనే
దుమ్ము తొందరగ కూసుంటది.

బయట కరెంటు స్తంభాలకు పోటీల ఉన్నోళ్ల ఫొటోలు.
ఒకాయన నవ్వుతుండు, ఒకామె నవ్వుతలేదు.
"ఓట్లు పడాలె, లెక్క తేలాలె,
ఖాళీ అన్నది ఊకెనే నిండదు" అంటడు ఇద్రీస్.

మా క్యాంపుల అట్ల కాదు.
మొన్న బేస్తారం లింబాద్రి ఇంటికి పోయిండు,
పరుపు మీద ఆయన పడ్డ గుంత ఇంక లేవనే లేదు,
రాత్రి ఎనిమిదింటికి
నేపాల్ పిలగాడు సంచి తెచ్చి పెట్టిండు.
నామినేషన్ లేదు, గుర్తు లేదు.
ఏకగ్రీవం.

నేను గూడ మెంబర్నే ఒకప్పుడు.
ఆరో వార్డు, పదకొండు ఓట్ల మీద గెలిచిన.
మోరీ మీద మూడు షాబాద్ బండలు నేనేయించినయే.
బోరు రెండుసార్లు ఎండిపోతే
మూడోసారి వీసా తీసిన.

మొదటి మీటింగుకు నన్ను అడిగిన్రట,
రెండోదానికి నా ఫోన్ నంబరు అడిగిన్రట,
మూడోదానికి అడగలే.
కార్యదర్శి వాట్సాప్‌ల కాగితం పంపిండు:
"వరుసగా గైర్హాజరు అయినందున
సదరు స్థానము ఖాళీ అయినట్లు..."
మూడేండ్లు నన్ను పేరు పెట్టి పిలిచిన పంచాయితిల
సదరు అయిన.

ఉపఎన్నిక మొన్న అయింది.
లసుంబాయి గెలిచిందట, బీడీలు చేసే లసుంబాయి.
ఆ పదకొండు ఓట్లతోని ఓడింది ఆమెనే.
ఫోన్ల మెసేజ్ పెడదామని
రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేసిన.

పొద్దున ఆమెనే చేసింది.
నాలుగో కుర్చీ వీపుకు ఆనుకోని ఎత్తిన,
ఒక చేతుల తడి బట్ట.
బాగున్నవా అనలే, తిన్నవా అనలే.
"మోరీ మీద నడిమి బండ పలిగింది.
అసొంటిది ఏడ దొరుకుతది?"

మెట్‌పల్లి రోడ్డుకు, కంకర మిషన్ ఎనుక అన్న.
బేరమాడు,
రెండొందలు తగ్గిస్తడు.