గేజీ

నీటిమట్టం చూడ్డం నా ఉద్యోగం.
ఇంజరం కాలువ మీద, లాకు గోడకి దించిన
తెల్లపలక, నల్లగీతలు.
ఆరింటికోసారి, పన్నెండింటికోసారి, దీపాలవేళ మరోసారి.
చూసింది రాయాలి. రాసిందానికి సంతకం.
ఇరవై మూడేళ్లలో ఒక్క అంగుళం అబద్ధమాడలేదు.

మొన్న సార్వాకి నీళ్లు వదిలిన నెలలో
పదకొండు రోజులు
రిజిస్టర్లో ఒకటే అంకె: నాలుగడుగుల రెండంగుళాలు.
ఏఈ గారు పేజీ తిప్పి నావైపు చూశారు.
"కాలువ ఆగిపోయిందా, నూకరాజూ?"

కాలువ ఆగలేదండి.
మంచం దగ్గర్నుంచి గేజీ దాకా ముప్పై అడుగులు.
ఆ ముప్పైనీ ఎవరో
రోజూ కాస్త కాస్త సాగదీస్తున్నారు.

అలా కాకినాడ బస్సెక్కాను,
పక్క సీట్లో మంగతాయారు, ఒళ్లో టిఫిను గిన్నె.
ఎక్కడికని అడిగినవాళ్లకి షుగరని చెప్పింది.
షుగరంటే గౌరవం మా వైపు.

పెద్దాసుపత్రి, మూడో అంతస్తు, చివరి గది.
కుంగుబాటు మీద పరిశోధనట.
ఎస్తేరని ఒక పిల్ల, చేతిమీద పెన్ను మరక,
పధ్నాలుగు పేజీలూ పైకి చదివి వినిపించింది,
నాకు చదువొచ్చని చెప్పినా.
"సగం మందికి మందు. సగం మందికి అచ్చం అలాగే ఉండే పిండిబిళ్ల.
ఎవరికేదో మీకు తెలీదు, నాకు తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు.
ఎప్పుడైనా మానెయ్యొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.
మానేసినా మీ వైద్యం ఆగదు."
కారణం చెప్పక్కర్లేదన్న చోట
నాకు గొంతు పట్టేసింది.
మళ్లీ చదవమన్నాను. చదివింది.
సంతకం పెట్టాక నేను నలభై ఒకటో నంబరు.

రెండు వారాలకోసారి, గురువారం, అవే తొమ్మిది ప్రశ్నలు.
ఏ పనిమీదా మనసు పోని రోజులెన్ని?
నిద్ర? ఆకలి?
సున్నా, ఒకటి, రెండు, మూడు.
నాలుగే గీతలండి వాళ్ల గేజీకి!
మొదట్లో ఆ పిల్ల మొహం చూసి తగ్గించి చెప్పేవాణ్ణి,
పాపం, ఎండలో స్కూటీ మీద వస్తుంది కదా అని.
కనిపెట్టేసింది.
"నాకోసం ఒక్క అంగుళం తగ్గించినా
తప్పుడు లెక్కే నూకరాజుగారూ."

తొమ్మిదోది మాత్రం నెమ్మదిగా చదువుతుంది.
చచ్చిపోతే బాగుండునని...

లాకుల దగ్గర పనిచేసేవాడికి అది కొత్త మాట కాదు.
ఎగువన ఎక్కడ పడ్డా
మా షట్టర్ల దగ్గరికొచ్చే ఆగుతారు.
గుర్రపుడెక్క పక్కకి నెట్టి
నా చేతుల్తో పైకి తీసినవాళ్లు ఆరుగురు.
ఒకాయన చొక్కాజేబులో మర్నాటి బస్సుకి రిజర్వేషను,
తడిసినా సీటు నంబరు చెరగలేదు.
ఆయన్ని ఎవరూ ఈ ప్రశ్న అడిగుండరు.

నాలుగోసారి అడిగినప్పుడు
"రెండు" అన్నాను.

పెన్ను కింద పెట్టేసింది.
డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది.
"నన్ను తీసేస్తారాండీ?"
పరీక్ష తప్పిన కుర్రాడిలా అడిగాను.
"ముందు మీరు. కాగితాలు తర్వాత."
ఆ రాత్రి వార్డులో, ఫ్యాను కిందకి నా మంచం లాగి,
పక్కమంచం ఆవిడ ఏం జబ్బని అడిగితే
మంగతాయారు కాసేపాగి
దాని పేరు దానికి పెట్టి చెప్పింది.

అన్ని వారాలూ నేను మింగింది ఏదో ఇంకా తెలీదు.
అందరివీ అయ్యాకే కవర్లు విప్పుతారట.
పిండే అయితే
పిండి తిన్న నా అంకెలూ పనికొస్తాయంది ఎస్తేరు,
సఖినేటిపల్లిలోనో, నిడదవోలులోనో
నేనెరగని వాడెవడికో.
వాడు మంచం దిగుతాడా లేదా
నాకెవరూ రాసి పంపరు.

ఇవాళ పొద్దున ఆరింటికి
ముప్పై అడుగులూ నడిచాను,
మధ్యలో ఒకచోట ఆగి.
పలకకి పాచి పట్టింది. కొబ్బరిపీచుతో రుద్దాను.
మూడడుగుల ఏడంగుళాలు.
రాశాను.
పన్నెండింటిది ఇంకా చూడాలి.