మొదటి మోత

పర్లాకిమిడిలో, కొమ్ము దువ్వెనల కొట్టు మీది గదిలో
రాత్రి పదకొండుకి కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటూ నిమిషాలు లెక్కపెడుతోంది.
కూర్మారావు మాత్రం ఆగలేదు:
"ఫైలు తెరవడానికొక పిలుపు, చదవడానికొకటి, మూయడానికొకటి.
మూడుసార్లు గడప దాటాలి కెర్నెల్లోకి.
ఒక్క పిలుపులో తెమిలిపోయే పనికి
ఇన్నిసార్లు ఏరు దాటించడమేటి?"

ఏరంటే అతనికి మహేంద్రతనయ.
పాతపట్నంలో ఇల్లు, ఇక్కడ కొలువు.
దాటడానికెంతవుతుందో
అతనికి తెలిసినట్టు నాకు తెలీదు.

నేను ఆ కెర్నెల్‌కి కాపలా మనిషిని.
ఇవాళ ఇచ్చిన నంబరు
రేపు తప్పని తేలినా తీయలేం.
ఏ ఆస్పత్రి మెషీన్లోనో
పేరైనా తెలియని ప్రోగ్రామొకటి
దాని మీద తల ఆన్చి నిద్రపోతుంటుంది.
"పిలవడం ఒక్క క్షణం, కూర్మారావ్.
పలకడం మాత్రం మనం పోయాక కూడా ఆగకూడదు."

"అయితే కొత్తదేదీ పుట్టకూడదంటావు."
"అనలేదు."
"అన్నట్టే."

కింద నర్సింగ మహారణా ఇంకా పడుకోలేదు.
కొమ్ము కాగిన వాసన మెట్లెక్కి వచ్చింది,
వెంట్రుక కాలినట్టు.
వెనకే అతనూ వచ్చాడు, టార్చీ, మూడు గ్లాసుల టీ.
ఏటి గొడవని అడిగాడు.
చెప్పాం, సగం ఒడియాలో, సగం చేతుల్తో.
తీర్పేమీ చెప్పలేదు.
జేబులోంచి ఒక దువ్వెన తీశాడు,
చివర రెండు వేళ్ల మేర పళ్లు కొయ్యకుండా వదిలేసింది.
"కొన్నోడు మళ్లీ వస్తాడు బాబూ, సన్న పళ్లు కావాలని."
"రాకపోతే?"
"పట్టుకోడానికి పనికొస్తాది."

కూర్మారావు నవ్వాడు.
తన పిలుపు చివర ఒక వాడని గడి చేర్చాడు,
ఇప్పటికి సున్నా తప్ప ఏదీ ఒప్పుకోనిది.
ఎవడైనా అందులో ఏడు పెట్టి పంపితే?
గుమ్మంలోనే తిప్పి పంపాలి కదా.
రాశాడు. చూపించాడు. తిప్పి పంపింది.

అయినా నేను ఊఁ అనలేదు.
"ఎంత మిగులుతుందో కొలిచి తీసుకురా.
నీ లాప్‌టాప్ మీద కాదు,
నర్సింగ కొడుకు పగిలిన ఫోను మీద."

యూపీఎస్ ఆఖరి కూత కూసింది.
అతను చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు.
నిద్ర పట్టక పాత జాబితా తలుచుకున్నాను:
కొన్ని నంబర్ల లోపల ఎవరూ లేరు,
ఎవరైనా పిలిస్తే మాత్రం
అలాంటి పని ఇక్కడ లేదని
ఇప్పటికీ జవాబొస్తుంది.

తెల్లారకముందే, వంతెన మీంచి
కూర్మారావు పిలుపు.
మొదటి మోతకే పలికాను.